కొలనోస్కోపీకి ముందు పేగును శుభ్రం చేసుకోవడం

ఆసుపత్రిలో చేరిన రోగికి కొలనోస్కోపీ (సన్నని గొట్టానికి అమర్చిన కెమెరాతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేసే ముందు పెద్దపేగు పూర్తిగా ఖాళీ కావాలి. మలం మిగిలితే దాని చాటున చిన్న పాలిప్ (పేగు లోపలి పొరపై పెరిగే కండ) ఉన్నా కెమెరాకు చిక్కదు, పరీక్ష మళ్లీ చేయవలసి రావచ్చు.

ముందురోజు ఆకుకూరలు, గింజలున్న పండ్లు, టమాటా మాని, మెత్తటి తెల్లన్నం, ఇడ్లీ వంటివి కొద్దిగా తిని, డాక్టరు చెప్పిన సమయం నుంచి నీళ్లు, వడకట్టిన కొబ్బరినీళ్లు, పాలు కలపని టీ మాత్రమే తీసుకోవాలి. ఎర్రటి పానీయాలు పేగులో రక్తంలా కనిపిస్తాయి కనుక వద్దు.

అసలు కష్టమంతా పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్) అనే విరేచనాల మందు పొడి కలిపిన నీళ్లు తాగడంలోనే ఉంది. చాలాచోట్ల 2 లీటర్లు ఇచ్చి, సగం ముందురోజు సాయంత్రం, మిగతా సగం పరీక్షకు 4 నుంచి 6 గంటల ముందు మొదలుపెట్టి, కనీసం 2 గంటల ముందే ముగించమంటారు. ఉప్పగా, వెగటుగా ఉంటుంది. చల్లబరచి, పావుగంటకొక గ్లాసు చొప్పున తాగితే కొంత నయం. వాంతి అయితే తాగడం అరగంట ఆపి, నర్సుకు చెప్పాలి. చివరికి విరేచనం లేత పసుపు రంగులో, తేటగా రావాలి. గోధుమరంగు నీళ్లే వస్తుంటే మొహమాటపడకుండా చూపించడం చాలా ముఖ్యం.

గుండె, కిడ్నీ జబ్బులున్నవారు, రక్తం పలుచబరిచే మందులు, ఇన్సులిన్, ఐరన్ మాత్రలు వాడేవారు ఆ సంగతి ముందే తెలపాలి, ఏ మందునూ సొంతంగా ఆపకూడదు. వృద్ధులను రాత్రిపూట మరుగుదొడ్డికి ఒంటరిగా పంపవద్దు. నీరసంతో కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది.