జిమ్నీకి పెద్ద టైర్లు ఎలా వేయాలి? లిఫ్ట్ ఒక్కటే చాలదు

మారుతి జిమ్నీకి రెండు అంగుళాల లిఫ్ట్ (పొడవైన స్ప్రింగులు వేసి బండిని ఎత్తు చేయడం) వేయించినవాళ్లలో చాలామంది ఒకటే అనుకుంటారు: బండి రెండు అంగుళాలు లేచింది కాబట్టి పెద్ద టైరుకు ఆ మేర చోటు దొరికినట్టే అని. షాపు ముందు చదునైన నేల మీద చూస్తే అలాగే కనిపిస్తుంది కూడా. ఫొటో దిగి, స్టేటస్ పెట్టి బయల్దేరతారు. వికారాబాద్ వైపు మట్టిదారిలో మొదటి గుంతలో ఒక చక్రం పైకి లేవగానే టైరు బంపర్‌ను గీరుతుంది. అప్పుడు టైరు కంపెనీని తిడతారు.

సైజు

కంపెనీ టైరు 195/80 ఆర్15. ఎత్తు దాదాపు 693 మిల్లీమీటర్లు. 215/75 ఆర్15 వేస్తే పదే మిల్లీమీటర్లు పెరుగుతుంది, దానికి లిఫ్ట్ కూడా అక్కర్లేదు. లిఫ్ట్ వేశాక అందరూ వెళ్లేది 235/75 ఆర్15కి. ఎత్తు సుమారు 733. అంతకు మించి వద్దు. ఇంకా పెద్దవి వేసి తిరిగేవాళ్లున్నారు, వాళ్ల గేర్‌బాక్సు వాళ్లిష్టం.

కంపెనీ రిమ్ము వెడల్పు అయిదున్నర అంగుళాలు. 235 టైరుకు కనీసం ఆరు కావాలి. పాత రిమ్ముకే ఎక్కించేస్తామనే షాపులు బోలెడు. ఎక్కుతుంది, నిజమే. కానీ టైరు బొజ్జలా ఉబ్బి నడుమే అరుగుతుంది. రిమ్ములు కొనేటప్పుడు చక్రం బాగా బయటికి పొడుచుకొచ్చే రకం, స్పేసర్లు (చక్రాన్ని బయటికి జరపడానికి మధ్యలో పెట్టే బిళ్లలు) రెండూ వద్దు. చూడటానికి కండపట్టినట్టు ఉంటుంది కానీ, స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు ఇంకా పెద్ద వలయంలో తిరిగి బంపర్ మూలను వెతుక్కుంటూ పోతుంది, బేరింగుల మీద భారం పెరుగుతుంది. టైరు ఆల్-టెర్రైన్ రకమే (తారు రోడ్డుకూ మట్టిదారికీ పనికొచ్చేది) తీసుకోండి. మడ్ టైర్లు వేసుకుని రోజూ ఆఫీసుకు వెళ్లేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది.

కొంటే అయిదూ కొనండి. స్టెప్నీ పాత సైజులో ఉంచి, పంక్చరైన రోజు అది వేసుకుని ఫోర్ వీల్‌లో నడిపితే చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరిగి గేర్ల మీద ఒత్తిడి పడుతుంది.

బిగించడం

దీనికి పెద్దగా చెప్పేదేమీ లేదు. లిఫ్ట్ వేశాక కొన్ని రోజులు నడిపి స్ప్రింగులు సర్దుకున్నాకే టైర్లు మార్చండి. మట్టి నేల మీద జాకీ కింద చెక్క పెట్టండి. నట్లు ఎదురెదురుగా బిగించండి, చివర టార్క్ రెంచ్‌తో 100 న్యూటన్ మీటర్లకు సరిచూడండి. షాపువాళ్లు నట్లు బిగించే గన్‌తో బర్రుమని బిగించి పంపేస్తే ఊరుకోవద్దు. వంద కిలోమీటర్లు నడిచాక మళ్లీ ఒకసారి పానా వేయండి.

తగులుతుందా లేదా: అసలు పని ఇదే

ముందుగా ఒక విషయం. లిఫ్ట్ స్ప్రింగు బండిని నిలబడ్డప్పుడే ఎత్తుతుంది. చక్రం గుంతలోంచి పైకి దూసుకొచ్చి స్ప్రింగు పూర్తిగా నొక్కుకుపోయినప్పుడు ఇరుసు ఆగేది బంప్ స్టాప్ రబ్బరు దగ్గర. ఆ రబ్బరు పాతదే అయితే, లిఫ్ట్ ఉన్నా లేకున్నా చక్రం పాత ఎత్తుకే వస్తుంది. అంటే పెద్ద టైరుకు అక్కడ కొత్తగా ఒక్క మిల్లీమీటరు చోటు కూడా రాలేదు. లిఫ్ట్ కిట్‌లో పొడవైన బంప్ స్టాపులు ఉన్నాయా లేదా అన్నది అందుకే మొదటి ప్రశ్న. లేకపోతే విడిగా వేయించండి.

ఇప్పుడు పరీక్ష. సుద్దముక్క తీసుకుని నాలుగు టైర్ల భుజాల మీదా, లోపలి పక్కలకూ దట్టంగా పూయండి. ముందు చక్రాల దగ్గరి బంప్ స్టాప్ రబ్బరుకీ ఇరుసు మీద అది తగిలే చోటికీ మధ్య నిమ్మకాయంత చపాతీ పిండి ముద్ద అంటించండి. గట్టి మట్టి దిబ్బ ఒకటి చూసుకుని, ఫోర్ వీల్ లో గేర్‌లో (4L), ముందు ఎడమ చక్రాన్ని మెల్లగా దాని మీదికి ఎక్కించండి. ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపి, మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాకే పిండిని చూడండి. అప్పడంలా నొక్కుకుపోయి ఉంటేనే చక్రం చివరిదాకా వచ్చినట్టు. ముద్ద ముద్దలాగే ఉంటే దిబ్బ చాలలేదు, ఇంకా పెద్దది వెతకండి. చాలామంది ఫుట్‌పాత్ అంచు ఎక్కించి చూసి సరే అనుకుంటారు. ఆ ఎత్తుకు స్ప్రింగు సగం కూడా నొక్కుకోదు.

చక్రం చివరిదాకా వచ్చాక ఇంజిన్ ఆన్ చేసి స్టీరింగ్‌ను ఎడమ చివరి నుంచి కుడి చివరి దాకా, మెల్లగా తిప్పండి. చూసే మనిషి దూరంగా నిలబడాలి, చక్రం గూట్లో చెయ్యి పెట్టకూడదు. కుడి చక్రంతో మళ్లీ అంతా చేయండి. తర్వాత రివర్సులో కూడా చేయండి, ఇదెవరూ చేయరు. వెనక్కి వచ్చేటప్పుడు చక్రం గూట్లో నిలబడే తీరు మారుతుంది, ముందుకు పోయేటప్పుడు తగలనిది అప్పుడు తగులుతుంది. వెనక చక్రాలను పరీక్షించేటప్పుడు వెనక సీట్లో ఇద్దరిని కూర్చోబెట్టి, సామాను కూడా వేయండి.

తెల్లటి మరక ఎక్కడ పడిందో అక్కడే తగిలింది. సాధారణంగా బంపర్ కింది వెనక మూల, లోపలి ప్లాస్టిక్ లైనర్, మడ్ ఫ్లాప్. మడ్ ఫ్లాప్ తీసేయండి. లైనర్‌ను హీట్ గన్‌తో వెచ్చబెట్టి వెనక్కి నొక్కితే చాలాసార్లు సరిపోతుంది. వెనక వైర్లు ఉన్నాయేమో చూసుకోండి. బంపర్ మూల కోయాల్సి వస్తే మరక అంచున టేపు అంటించి, యాక్సా బ్లేడుతో కొంచెం కొంచెంగా, ప్రతిసారీ మళ్లీ దిబ్బ ఎక్కించి చూస్తూ కోయండి. గ్రైండర్ పెడితే ప్లాస్టిక్ కరిగి అంచు వికారంగా తయారవుతుంది. కోసింది మళ్లీ అతకదు కాబట్టి మొదటి కోత వేలి వెడల్పు దాటకూడదు.

మరక టైరు లోపలి పక్కన, ఇరుసును పట్టుకునే ఇనప ఆర్మ్ దగ్గర పడితే కోతతో పనిలేదు. స్టీరింగ్ స్టాపర్ బోల్టు సర్దించి చక్రం తిరిగే కోణాన్ని కాస్త తగ్గించాలి. యూ టర్న్ కొంచెం పెద్దదవుతుంది, అంతే. టైరు పక్క గోడ కోసుకుపోవడం కన్నా అది నయం.

మిగతావి

లిఫ్ట్ వల్ల ముందు ఇరుసు వంపు మారి, హైవే మీద స్టీరింగ్ తేలిపోతుంది. పెద్ద టైరుతో అది ఇంకా తెలుస్తుంది. దానికి వేరే బుష్‌లు వస్తాయి, వేయించుకోండి. అలైన్‌మెంట్ మాత్రమే చేయించి సర్దుకుపోవద్దు. మీటరు ఇకనుంచి కంపెనీ టైరు లెక్కే చూపిస్తుంది, బండి దానికంటే దాదాపు ఆరు శాతం వేగంగా పోతుంది. లీటరున్నర ఇంజిన్ కాబట్టి అరకు ఘాట్‌లో మూడో గేరు లాగే చోట రెండో గేరు అడుగుతుంది. ఇంత చేసినా డిఫరెన్షియల్ (ఇరుసు మీద ఉబ్బెత్తుగా ఉండే గేర్ల డబ్బా) కింద పెరిగేది 20 మిల్లీమీటర్లే, అదీ టైరు వల్ల. లిఫ్ట్ దాన్ని ఎత్తదు.

ఇన్సూరెన్సువాళ్లకు మార్పుల సంగతి రాసి పంపి జవాబు దగ్గర ఉంచుకోండి. రాత్రి బయల్దేరేముందు గోడకు ఎదురుగా ఆపి హెడ్‌లైట్లు కిందికి దించండి, లేకపోతే ఎదురొచ్చేవాళ్ల కళ్లలోనే కొడతాయి.