జెర్మేనియం డిటెక్టర్‌తో గామా కిరణాలు కొలిచే ముందు జాగ్రత్తలు

☐ డోసిమీటర్ బ్యాడ్జ్ (ఒంటికి తగిలిన రేడియేషన్ డోసును కొలిచేది) ఛాతీ దగ్గర పెట్టుకున్నారా? వేరేవాళ్ల బ్యాడ్జ్ అస్సలు వాడొద్దు.

☐ సీల్డ్ సోర్సులు, అంటే మూసి ఉంచిన రేడియోధార్మిక పదార్థాలు (సీసియం-137, కోబాల్ట్-60), పట్టకారుతోనే తీయండి. రిజిస్టర్‌లో రాశాకే బయటికి తేవాలి. దూరం రెట్టింపైతే డోసు దాదాపు నాలుగో వంతుకు తగ్గుతుంది, అందుకే పని లేనప్పుడు దగ్గర నిలబడకండి.

☐ డిటెక్టర్‌ను చల్లబరిచే ద్రవ నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ముఖానికి షీల్డు, చేతులకు వదులు గ్లోవ్స్, కాళ్లకు మూసిన బూట్లు ఉండాలి. అందరూ మర్చిపోయేది గాలి సంగతి: ఒక లీటరు ద్రవం ఆవిరైతే దాదాపు 700 లీటర్ల వాయువు అవుతుంది. గదిలో ఆక్సిజన్ తగ్గిపోతున్నా మనకు తెలియదు. తలుపులు తెరిచి, తోడుగా ఒకరిని పెట్టుకునే నింపండి.

☐ డిటెక్టర్ పూర్తిగా చల్లబడిందా? లేకపోతే హై వోల్టేజ్ ఇవ్వకండి, ప్రీయాంప్లిఫయర్ (డిటెక్టర్ సిగ్నల్‌ను మొదట పెంచే సర్క్యూట్) పాడవుతుంది. చల్లబడ్డాక కూడా వోల్టేజ్ మెల్లగా పెంచండి. ఎంత టెన్షన్‌లో ఉన్నా ఇక్కడ తొందర వద్దు.

☐ సీసియం 662, కోబాల్ట్ 1173, 1332 కిలో ఎలక్ట్రాన్‌వోల్ట్ (గామా కిరణాల శక్తి) పీకులు సరైన చోట వస్తున్నాయో లేదో క్యాలిబ్రేషన్ చూసుకోండి.

☐ ల్యాబ్‌లో తిండి, నీళ్లు వద్దు.

☐ గర్భవతులైతే రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌కి ముందే చెప్పండి.