నాయన .315 తుపాకికి నూనె కంటే ముందు వేడి నీళ్లు

పలమనేరు పక్క మా ఊర్లో అడవిపందులు చెనిక్కాయ చేన్లో పడి దున్నేస్తాయని అప్పట్లో మా నాయన పంట రక్షణకి లైసెన్స్ తీసుకున్నాడు, ఇప్పుడది నా పేరు మీదికి వచ్చింది, తిరుపతిలో ఇంట్లో బీరువాలో ఉంది. బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీది, బోల్ట్ యాక్షన్, అంటే ప్రతి గుండుకీ వెనకుండే బోల్ట్ అనే ఇనుప కడ్డీని చేత్తో లాగి తొయ్యాలి. బ్రిటిష్ వాళ్లు మిలిటరీ .303ని మామూలు జనానికి ఇవ్వకపోవడంతో మనకి ఈ .315 అలవాటైంది, తూటా మాత్రం ఆస్ట్రియా వాళ్ల పాత 8 మిల్లీమీటర్ల మాన్లిషర్‌దే.

తుపాకి శుభ్రం చేసేటప్పుడు ముందు మ్యాగజైన్ (తూటాలు పెట్టే డబ్బా) తీసేయండి, బోల్ట్ వెనక్కి లాగి చాంబర్లోకి, అంటే తూటా కూర్చునే చోటులోకి కంటితో చూసి చిటికెన వేలు కూడా పెట్టి చూడండి. ఖాళీగా ఉందని తెలిసినా చూడాల్సిందే. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. తర్వాత బోల్ట్ హెడ్‌ని పైకి లేపితే బోల్ట్ మొత్తం చేతికొచ్చేస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. మా నాయన కాల్చిన రోజు రాత్రే బ్యారెల్లో నూనె పోసి పెట్టేవాడు, అయినా నెలకి ఎర్రగా తుప్పు, ఆయనకేమో నూనె కల్తీ అని అనుమానం! పాత తూటాల ప్రైమర్లో, అంటే తూటా అడుగున మందుని అంటించే చిన్న బిళ్లలో, పొటాషియం క్లోరేట్ ఉంటుంది, అది కాలితే మిగిలేది ఒక రకం ఉప్పు, ఆ ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలోనే కరుగుతుంది, పైగా గాల్లో తేమని లాక్కుంటుంది. అంటే నూనె కింద ఉప్పు హాయిగా కూర్చుని ఇనుముని తినేస్తా ఉంటుందన్నమాట. అందుకని మరిగే నీళ్లు గరాటుతో చాంబర్ వైపు నుంచి పోయండి, గుడ్డతో పట్టుకోండి, బ్యారెల్ చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. ఆ వేడికి లోపల తడి దానంతటదే ఆరిపోతుంది. బోల్ట్ ముఖం కూడా కడగండి, అక్కడ చాలామంది మర్చిపోతారు.

ఆ తర్వాత ఇత్తడి బ్రష్, ఆపైన పాత బనియన్ గుడ్డ ముక్కలు, తెల్లగా వచ్చేదాకా. రాడ్ ఎప్పుడూ వెనక నుంచే తొయ్యాలి, ముందు నుంచి తోస్తే మూతి అంచు అరిగి గురి పోతుంది. చివర్లో కుట్టు మిషన్ నూనె పల్చగా. కొబ్బరి నూనె వద్దప్పా, కొన్నాళ్లకి జిగురైపోయి బోల్ట్ పట్టేస్తుంది. కట్టెకి అవిసె నూనె రెండు చుక్కలు చాలు.

పాత తూటాల మీద పచ్చగా చిలుము పట్టినా, మెడ దగ్గర సన్నటి చీలిక కనిపించినా కాల్చొద్దు, డీలర్‌కో స్టేషన్‌కో అప్పజెప్పండి. కాల్చేసిన ఖాళీ తూటా గొట్టాల్లో మళ్లీ మందు నింపుకోవచ్చా అని ఒక అన్న అడిగినాడు. లైసెన్స్ లేకుండా తూటా తయారు చెయ్యడం ఆయుధాల చట్టం కింద నేరం, పైగా ఏ మందు ఎంత అన్నది తప్పితే బోల్ట్ మొహం మీదికే వస్తుంది, దాని జోలికి పోకండి.

తోలు సంచిలో మాత్రం పెట్టొద్దు, నవంబర్ వానలకి తోలు తేమ పీల్చుకుంటుంది. ఎలక్షన్లప్పుడు తుపాకి స్టేషన్లో డిపాజిట్ చేసేటప్పుడు నూనె కొంచెం దండిగా పూసి రసీదు తీసుకోండి, పోయినసారి తిరిగొచ్చినప్పుడు నా దాంట్లో మొదటి గుడ్డ ముక్క ఇటుకపొడి రంగులో వచ్చింది.