తుమ్మి మొక్క పెంపకం: సమస్య - పరిష్కారం

చేలగట్ల మీద వానకు తనంతట తానే మొలిచే తుమ్మి, తేనెటీగల కోసం పెరట్లో పెంచుదామంటే మొండికేస్తుంది. ఎక్కువసార్లు కారణం మనం అతిగా చూసుకోవడమే.

సమస్య: విత్తనాలు మొలవలేదు

గింజలు లోతుగా పడి ఉంటాయి. తొలకరి పడ్డాక తడి నేల మీద చల్లి, పైన పలుచగా ఇసుక వేస్తే చాలు. మొలిచినవాటిని కలుపనుకుని పీకేయడం కూడా మామూలే. పీకే ముందు కాడను వేళ్ల మధ్య తిప్పి చూడండి. నాలుగు పలకలుగా తగిలి, ఆకు నలిపితే ఘాటు వాసన వస్తే ఉంచేయండి.

సమస్య: ఆకు గుబురుగా ఉంది, పూత లేదు

ఎరువు ఎక్కువైంది, లేదా ఎండ చాలట్లేదు. యూరియా, పశువుల ఎరువు రెండూ ఆపండి. రోజుకు కనీసం 6 గంటల ఎండ తగలాలి. ఆకులు పసుపుబారి మొదలు మెత్తబడుతుంటే నీళ్లు నిలుస్తున్నట్టు. ఇసుక కలిపి మట్టి గుల్ల చేయండి.

సమస్య: పూలున్నాయి, తేనెటీగలు లేవు

ఇది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ముందు చూడాల్సింది పక్క మొక్కలకు ఏం కొట్టారన్నది. వంగకు కొట్టిన పురుగుమందు తుమ్మి పూల మీదా పడుతుంది. పూత ఉన్నన్నాళ్లూ రసాయన మందులు వద్దు. వేపనూనె తప్పనిసరైతే ఈగలు వెళ్లిపోయాక, సాయంత్రం, తెగులున్న మొక్కకే కొట్టండి.

రెండో కారణం, అక్కడొకటి ఇక్కడొకటి నాటడం. 15, 20 మొక్కలు ఒకేచోట ఉంటే ఈగలకు తేలిగ్గా కంటపడతాయి. అప్పుడు పొద్దున దగ్గర కూర్చుని చూడండి. తెల్లటి కింది రెక్క మీద ఈగ వాలి తల లోపలికి దూర్చగానే, నూగున్న పై రెక్క కిందినుంచి పుప్పొడి దానికి అంటుకుంటుంది.

సమస్య: మరుసటి ఏడు మొక్కే లేదు

తుమ్మి ఏడాది మొక్క, ఎండిపోవడం సహజం. ఎండగానే ఊడ్చి పారేస్తే విత్తనమూ పోతుంది. పూలు రాలాక మిగిలే ఒక్కో గిన్నెలో 4 గింజల దాకా ఉంటాయి. ఎండిన గుత్తిని కాగితం మీద దులిపి కొన్ని దాచుకుని, మిగతావి అక్కడే రాలనివ్వండి.