దూర ప్రయాణాలకు బండి సీటు మారుస్తున్నారా?

దుకాణంలో బొటనవేలితో నొక్కి, ‘అబ్బ, ఎంత మెత్తగుంది’ అని కొన్న సీటే రెండో గంటలో ఏడిపిస్తుంది. మెత్తటి ఫోమ్ ఒంటి బరువుకు అడుగుదాకా అణిగిపోతుంది. ఇక కింది ప్లాస్టిక్ ప్లేటు మీద కూర్చున్నట్టే. మోకాలు ఆనించి బరువంతా వేసి చూడండి. ప్లేటు తగిలిందంటే ఆ సీటు వద్దు.

ఎక్కడ నొస్తుందో ముందు తేల్చుకోవాలి. పిర్రల్లో రెండు ఎముకల దగ్గరే నొస్తే ఫోమ్ అణిగిపోయి ఉండాలి, లేదా సీటు సన్నగా ఉండాలి. తొడల లోపలివైపు ఒరుసుకుంటే ముందు అంచుల తప్పు. బ్రేకు వేసినప్పుడల్లా ట్యాంకు మీదికి జారుతుంటే సీటు ముందుకు వాలుగా ఉన్నట్టు. నడుం పట్టేస్తే మాత్రం సీటును తిట్టే ముందు వెనక షాకర్ల ప్రీలోడ్ (స్ప్రింగు ఎంత బిగించి ఉందన్నది), హ్యాండిల్ ఎంత దూరంలో ఉందన్నది చూసుకోండి.

వెడల్పుకు అంగడి కొలతలేం అక్కర్లేదు. గట్టి కుర్చీ మీద అట్టపెట్టె ముక్క వేసి, పాదాలు కాస్త పైకెత్తి రెండు నిమిషాలు కూర్చోండి. లేచి చూస్తే అట్ట మీద రెండు గుంటలు కనిపిస్తాయి. వాటి నడుమ దూరానికి రెండు పక్కలా 3 సెంటీమీటర్ల చొప్పున కలపండి. మీరు కూర్చునే చోట సీటు కనీసం అంత మేర చదునుగా ఉండాలి. ముందు భాగం మాత్రం సన్నబడాలి, లేకుంటే కాళ్లు నేలకందవు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు. పొట్టివాళ్లకు దాని మీద మరో అంగుళం ఫోమ్ అంటే సిగ్నల్ దగ్గర మునివేళ్ల మీద నిలబడటమే.

రెడీమేడ్ సీటు కన్నా కంపెనీ ప్లేటు మీదే ఫోమ్ మార్పించడం మేలు. లాక్, కొక్కేలు ఎట్లున్నవి అట్లే కూర్చుంటాయి. రెడీమేడే కావాలంటే బండి ఏ సంవత్సరందో చెప్పి అడగండి. 2021లో వచ్చిన కొత్త క్లాసిక్‌కు పాతదాని సీటు పట్టదు. అరచేత్తో గుద్దితేగాని లాక్ పడటం లేదంటే ప్లేటు వంకర. కింద రబ్బరు బుష్‌లు లేకపోతే సీటు ఊగి ఊగి ప్లేటు పగులుతుంది.

సీట్లు కుట్టేవాళ్లకు వివరంగా చెప్పాలి: అడుగున గట్టి ఫోమ్, పైన 10 మిల్లీమీటర్ల మెత్తటి పొర. అతికించే సొల్యూషన్ దట్టంగా పూస్తే ఆరాక గట్టి గీతలా తేలి గుచ్చుకుంటుంది. రెగ్జిన్ కుట్టు ఎముకల కిందికి రాకూడదు. కుట్టు రంధ్రాల్లోంచి వాన నీళ్లు దిగితే ఫోమ్ రోజుల తరబడి ఆరదు, కాబట్టి మధ్యలో పలుచటి ప్లాస్టిక్ షీటు వేయించండి. స్టేప్లర్ పిన్ను ప్లేటు మందం కన్నా పొట్టిగా ఉండాలి, లేకుంటే మొన పైకి పొడుచుకొస్తుంది.

జెల్ ప్యాడ్ మంచిదే గానీ, రామగుండం మే ఎండలో నిలిపిన బండి మీద అది పెనమే. వేయిస్తే ఫోమ్ పొర కిందే వేయించండి.

అయ్యాక హనుమకొండ నుంచి 163వ హైవే మీద ములుగు దాకా వెళ్లి రండి. దూర ప్రయాణానికి వేసుకునే ప్యాంటుతోనే వెళ్లండి. జీన్స్ వెనక లావుపాటి కుట్టు చేసే గాయాన్ని చాలామంది సీటు ఖాతాలో రాసేస్తారు.