రాతి బేస్‌మెంట్‌లోకి నీరు రాకుండా నేను చేయించిన పనులు

పెన్సిల్వేనియాలో మేము కొన్న పాత ఇంటి బేస్‌మెంట్ (నేలమట్టానికి కింద ఉండే గది) గోడలు సున్నపు గచ్చుతో పేర్చిన రాళ్లవి. పెద్ద వాన కురిసినప్పుడల్లా సందుల్లోంచి నీరు ఊరి నేలంతా తడిసేది. లోపలి గోడకు వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేయమని చాలామంది సలహా ఇచ్చారు గాని, వెలుపలి నీటిని ఆపకుండా లోపల పూత పూస్తే తేమ దాని వెనకే నిలిచి, పూతను పొక్కులుగా లేపి, సున్నాన్ని పొడిగా రాల్చేస్తుంది కనుక నేను పైకప్పు నుంచి మొదలుపెట్టాను.

100 చదరపు మీటర్ల కప్పుపై 25 మిల్లీమీటర్ల వాన కురిస్తే 2,500 లీటర్ల నీరు దిగుతుంది. మా ఇంట్లో అదంతా పునాది పక్కనే పడేది. కప్పు అంచున వాననీటిని పట్టే గట్టర్లలోని ఆకులు తీయించి, వాననీటి పైపులను గోడకు దాదాపు 10 అడుగుల దూరం వరకు పొడిగించి, ఇంటి చుట్టూ బంకమట్టి వేసి దిమ్మిస కొట్టించి, మొదటి 10 అడుగుల్లో 6 అంగుళాల వాలు వచ్చేలా చేయించాను. ఊట చాలావరకు దీనితోనే ఆగింది.

గోడ ఆరిన తరువాత, రాళ్ల సందుల్లో వదులైన గచ్చును ఉలితో గీకి, తడిపి, హైడ్రాలిక్ సున్నం (నీటితో కలిసి గట్టిపడే రకం), ఇసుక కలిపిన గచ్చు నింపాము. ఇక్కడ సిమెంటు వాడవద్దని గట్టిగా చెబుతాను: అది మరీ బిగుసుకుపోయి, తేమను బయటకు పోనివ్వక, గడ్డకట్టే చలిలో మెత్తని రాయి అంచులను పగలగొడుతుంది. సున్నపు పనిని మంచుకాలానికి ముందే ముగించి, కొన్నాళ్లు తడి గోనెపట్టాలు కప్పి ఉంచాలి. భూగర్భజలం నేలలోంచి పైకి వచ్చే మూలలో మాత్రం గుంట తవ్వించి, అందులో చేరే నీటిని బయటకు తోడే సంప్ పంపు పెట్టించాము. కరెంటు ఎక్కువగా పోయేది గాలివానలోనే కనుక దానికి బ్యాటరీ తప్పనిసరి.