సైట్ పక్కన బస్తీకి ఏమైనా చేద్దామనుకునే బిల్డర్లకు

హైదరాబాద్‌లో ఎక్కడ సెల్లార్ తవ్వినా పక్కన ఓ బస్తీనో పాత ఊరో ఉంటది, పుప్పాలగూడ, కోకాపేట చూడండి, టవర్ల మధ్యన ఇంకా బోనాలు తీసే ఊళ్లే. సైట్ల మీద పనిచేసే మనిషిగా చెప్తున్నా, సాయం కోసం ఎక్కడో దూరం వెతకొద్దు, మన పని వల్ల ఎవరికి ఇబ్బందో వాళ్ల దగ్గర్నుంచే మొదలుపెట్టండి.

తవ్వకానికి ముందే పొద్దున ఆరింటికి బస్తీలో ఓ రౌండ్ తిరగండి. నల్లా ఎప్పుడొస్తది, ట్యాంకర్ ఎక్కడ ఆగుతది, వాన పడితే నీళ్లు ఎవరింట్లోకి పోతాయి, మహిళా సంఘం వాళ్లను అడిగితే పది నిమిషాల్లో మొత్తం చెప్తారు. ఒక్క లీడర్‌నే అడిగితే కమాన్ కట్టించమంటాడు.

కట్టేది ఏదైనా, దాన్ని నడిపే ఖర్చు కూడా లెక్కేయండి. మేం ఓ సర్కారు బడికి టాయిలెట్లు కట్టించాం, మంచి టైల్స్, రిబ్బన్ కటింగ్, ఫొటోలు అన్నీ అయ్యాయి. ఆర్నెల్లకు వేరే పని మీద అటు పోతే తాళం వేసుంది, మోటర్ కాలిపోయిందంట, కడిగే ఆమెకు జీతం ఇచ్చేవాళ్లు లేరంట. ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే ఓ ఆడపిల్ల ఇంటికి ఉరికింది, బాత్రూం కోసమని టీచరమ్మ చెప్తే నాకు తలెత్తబుద్ధి కాలేదు. మోటర్ రిపేరు, ఫినాయిలు, ఆయమ్మ జీతం, కనీసం మూడేళ్లకు సరిపడా డబ్బులు మొదట్లోనే పక్కన పెట్టండి.

ఇక మన కూలీలు. కట్టుబడి ఖర్చులో ఒక శాతం లేబర్ సెస్ (కూలీల సంక్షేమానికి కట్టే పన్ను) కట్టేసి చేతులు దులుపుకోవద్దు, 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి ఏడాదిలో 90 రోజులు పనిచేసినోళ్లు సర్కారు నడిపే నిర్మాణ కార్మికుల వెల్ఫేర్ బోర్డులో పేరు రాయించుకోవచ్చు, ఆ కాగితాలు మీరే చేయించండి. 50 మందికి పైగా ఆడోళ్లుంటే ఆరేళ్లలోపు పిల్లలకు గది ఇవ్వాలని 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టంలోనే ఉండేది. తక్కువున్నా ఇవ్వండి, సెంట్రింగ్ కర్రలకు చీర ఉయ్యాల కట్టి, పక్కనే సిమెంట్ కలుపుతుంటే ఆ దుమ్ములో పసిపిల్ల నిద్రపోవడం రోజూ చూస్తూనే ఉన్నాం కదా.

సీఎస్ఆర్, అంటే కంపెనీలు లాభంలోంచి సమాజం కోసం పెట్టాల్సిన ఖర్చు, దాని సంగతి సీఏను అడగండి, నికర లాభం 5 కోట్లు దాటిన కంపెనీ మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం పెట్టాలి. చట్టం ప్రకారం ఎలాగూ చేయాల్సిన పిల్లల గది లాంటివి మాత్రం అందులో కలపకూడదు.

నీళ్ల దగ్గర అస్సలు రాజీ వద్దు. నాలా మూసి ప్రహరీ కడితే ఆ నీళ్లు కింది బస్తీ వంటింట్లో తేలతాయి, 2020 అక్టోబర్ వానలప్పుడు ఎన్ని కాలనీలు మునిగాయో మర్చిపోలేం. సెల్లార్‌లో ఊరే నీళ్లను మోటర్ పెట్టి రోడ్డు మీదికి వదలకుండా క్యూరింగ్‌కు (కాంక్రీటు గట్టిపడేదాకా తడపడానికి), దుమ్ము లేవకుండా చల్లడానికి వాడండి.

ఉద్యోగాలంటే వాచ్‌మన్ పనొక్కటే కాదు. మాదాపూర్‌లో నిర్మాణ పనులు నేర్పే న్యాక్ సంస్థ ఉంది, బస్తీ పిల్లల్ని ఎలక్ట్రీషియన్, ప్లంబింగ్ కోర్సుల గురించి అక్కడ కనుక్కోమని పంపండి, బస్సు చార్జీలు మీరివ్వండి. ఫ్లాట్లు హ్యాండోవర్ చేసేనాటికి మెయింటెనెన్స్‌కు మనుషులు ఎలాగూ కావాలి, గేటు పక్క ఇంటి పిల్లగాడైతే రాత్రి రెండింటికి లిఫ్ట్ ఆగినా ఐదు నిమిషాల్లో వస్తడు.